కెమెరా చూస్తే బిగుసుకుపోయే ఇంట్లో

నాన్న ఫొటోలన్నీ ఒకచోట చేర్చి ఆల్బమ్ వేయిద్దామని కూర్చున్నాను. పదేళ్ల ఫొటోల్లోనూ ఆయన ఒకేలా ఉన్నాడు: చేతులు వేలాడేసి, గడ్డం పైకెత్తి, గుర్తింపు కార్డుకి దిగినట్టు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని దానికోసమే ఇల్లంతా వెతికే మనిషి, మనవరాలి చెప్పుల్లో కాళ్లు దూర్చి దాన్ని ఏడిపించే మనిషి ఒక్కదాంట్లోనూ లేడు.

తెలియకుండా తీస్తే సరి అనుకున్నాను. జూమ్ లెన్సు బిగించి తలుపు చాటున నక్కాను. "ఏంట్రా, దొంగలా అక్కడ?" అన్నాడు నాన్న, పేపరు దించకుండానే. వచ్చిన నాలుగు ఫొటోలూ పక్కింటివాళ్లు తొంగి చూసి తీసినట్టున్నాయి.

వీధి ఫొటోలకి పేరుపడ్డ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలకి నల్లటేపు అంటించేవాడు, ఎవరి కంటా పడకూడదని. వీధిలో అది సాగుతుంది. సొంతింట్లో ఏ టేపు అంటిస్తే మా అమ్మ కళ్లు కప్పగలను?

అందుకని దాక్కోవడం మానేశాను. జూమ్ తీసేసి, దగ్గరికెళ్లి తీయాల్సిన 35 ఎంఎం లెన్సు పెట్టి కెమెరాని టేబుల్ మీద అందరికీ కనిపించేలా వదిలేశాను. మొదటి వారం అది చేతిలోకి రాగానే అందరూ సర్దుకునేవాళ్లు. వద్దనకుండా ఆ పోజూ తీసేవాణ్ని. తీశాక మాత్రం కెమెరా దించేవాణ్ని కాదు. "అయిపోయిందిగా" అనుకుని భుజాలు జారేసి, పక్కవాళ్లతో ఆగిన మాట అందుకునే ఆ రెండు క్షణాలే నాకు కావలసినవి. రెండో వారానికి విసుగొచ్చి నన్ను పట్టించుకోవడం మానేశారు. ఫొటోలు మొదలైంది అప్పుడే.

మొదలయ్యాక నా చేతగానితనం బయటపడింది. సాయంత్రం నాన్న పాపని గిర్రున తిప్పుతూ పగలబడి నవ్వుతున్నాడు. షట్టర్ 1/30 దగ్గరుందని, అంటే సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరుచుకుంటుందని చూసుకోలేదు. కదిలేవాళ్లకి అది మరీ ఎక్కువసేపు. పాప ఒక గీత, నాన్న సగం ముఖం. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. అప్పటినుంచి మాట్లాడుకునేవాళ్లకి కనీసం 1/125, పిల్లలున్నచోట 1/250, గెంతుతుంటే 1/500. తక్కువ వెలుగులోనూ ఫొటో వెలుగ్గా వచ్చేలా చేసే ఐఎస్ఓని ఆటోలో పెట్టి 6400 దాకా వదిలేశాను. గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వస్తే రానీ, మసక కంటే నయం. ఫ్లాష్ జోలికి పోలేదు. ఒక్కసారి వెలిగిందంటే రెండు వారాల మచ్చిక మళ్లీ మొదటికొస్తుంది. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే బీప్, చీకట్లో వెలిగే చిన్న లైటు కూడా ఆపేశాను.

చప్పుడు చెయ్యని సైలెంట్ షట్టర్ దొరికిందని సంబరపడ్డాను గానీ ఎల్ఈడీ బల్బుల కింద ఫొటోనిండా అడ్డచారలు. ఆ పద్ధతిలో కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్ బొమ్మని వరసలు వరసలుగా చదువుతుంటుంది, ఆ లోపల బల్బు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. రాత్రిపూట మామూలు షట్టరే నయమనిపించింది. పగలైతే వాళ్లు కిటికీకి పక్కవాటంగా కూర్చుంటే చాలు, వెలుగు పని అదే చూసుకుంటుంది. పాప కోసం నేలమీద చతికిలబడ్డాను. నిలబడి తీస్తే దానికి నడినెత్తి తప్ప ముఖం ఉండదు.

ఒకరోజు అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే తీశాను. చాలా బాగా వచ్చింది. చూపించగానే "ఇది వద్దు, తీసెయ్" అంది. మనసొప్పలేదు, కాసేపు బతిమాలాను కూడా. సిగ్గేసింది తర్వాత. తన ముందే తీసేశాను. అలా తీసేయకపోతే మర్నాటినుంచి నన్ను చూసి మళ్లీ కొంగు సర్దుకునేది.

మూడు నెలల్లో రెండు వేల పైచిలుకు తీశాను. మిగుల్చుకున్నవి అరవై. అందులో పన్నెండు ప్రింటు వేయించి అమ్మ ముందు పరిచి, ఫ్రేము కట్టించడానికి ఒకటి ఎంచమన్నాను. అన్నీ పక్కకి జరిపి, "ఆ తిప్పుతున్నది ఏదీ?" అంది. పాప గీతలా వచ్చిన ఫొటో! ఎప్పుడో ఫోన్లో చూసిందట. అది పాడైపోయిందమ్మా, మనిషి కదిలాడు, షట్టర్ వేగం తక్కువుంది అని వివరించబోయాను.

"ఆయన కదలకుండా ఎప్పుడున్నాడు గనక" అంది.