గవ్వకు తాళాల గుత్తి

"పేషెంటు పేరండీ?"
"గవ్వ."
"వయసు?"
"రెండేళ్లు ఉండొచ్చు."

మందుల షాపులో మూర్ఛకు వాడే గార్డినాల్ మాత్రలు ఊరికే ఇవ్వరు. చీటీ చూసి పుస్తకంలో రాసుకుంటారు. మొదటి నెల ఆ కుర్రాడు చీటీ మీద పశువైద్యుడి ముద్రను, నన్ను మార్చి మార్చి చూసి, "కుక్కకు మూర్ఛ వస్తుందా?" అన్నాడు. వస్తుంది నాయనా.

గవ్వ డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికి బయటపడిన వీధికుక్క. వైరస్ పోయింది కానీ మెదడుకు చేసిన చేటు మిగిలింది. ఎడమ ముంగాలు గడియారం ముల్లులా టక్ టక్‌మని అదురుతూనే ఉంటుంది, నిద్రలో కూడా. పళ్లు వచ్చే వయసులో జబ్బు చేసినందువల్ల పైపూత సరిగా ఏర్పడక గోధుమరంగు గుంటలు పడ్డాయి. కుక్కలను చేరదీసే చోట ఇవన్నీ మాకు దాచకుండా చెప్పారు.

మేము వెళ్లింది ఆరోగ్యంగా ఉన్న పిల్ల కోసమే. మిగతావన్నీ ఎగిరి మీదపడుతుంటే ఇది మెల్లగా వచ్చి మా ఆయన చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది. అదురుతున్న కాలు ఆయన పాదానికి తగులుతూనే ఉంది. ఆయన పాదం వెనక్కి తీసుకోలేకపోయారు. అంతే జరిగింది. అందుకే ఎవరైనా "పుణ్యం చేసుకున్నారు" అంటే నాకు చిరాకు.

పుణ్యం సంగతేమో గానీ, ఉదయం ఏడింటికి, రాత్రి ఏడింటికి మాత్ర తప్పకూడదు. మేమిద్దరం కలిసి రాత్రి ముహూర్తం పెళ్లికి వెళ్లి ఏడాది దాటింది. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో రెండు వారాలు తూలుతూ నడిచింది. ఆకలి ఎంతగా పెరిగిందంటే బీరకాయ తొక్కులు కూడా వదల్లేదు. గిన్నెల కొద్దీ నీళ్లు తాగేది. ఆ తర్వాత నేల తుడవడం నా వంతు. కాలేయం ఎలా ఉందో చూడటానికి రక్తపరీక్షలు వేరే. డిస్టెంపర్ వైరస్‌ను చంపే మందు లేదు. ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టే టీకాలు ఒక్కటే దారి. దీనికి వాటిని ఎవరు వేయిస్తారు?

ఈ వైరస్ మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్‌కు దగ్గరి చుట్టమని, మనకు మాత్రం అంటదని డాక్టరు చెప్పారు. అత్తయ్య రెండో ముక్క వినలేదు. "అయితే అమ్మవారే" అని గోనెపట్టా పక్కన వేపరెమ్మ పెట్టారు.

కార్తీకమాసంలో ఒక రాత్రి చప్పుడుకు లేచాను. గవ్వ పక్కకు పడి నాలుగు కాళ్లతో గాలిని తన్నుకుంటోంది, నోట నురగ. అలాంటప్పుడు నోట్లో చెయ్యి పెట్టకూడదు. బల్ల పక్కకు లాగి, లైటు ఆర్పి, ఫోను వెలుగులో టైము చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంతలో అత్తయ్య బీరువా తాళాల గుత్తి తెచ్చి దాని పంజా కింద దోపారు.

"అత్తయ్యా, దానివల్ల ఏమీ కాదు."

"నీ గడియారం నువ్వు చూసుకో."

ఒక నిమిషం నలభై సెకన్లకు ఆగింది. లేచి, మమ్మల్ని గుర్తుపట్టక గోడకు గుద్దుకుని, కాసేపటికి వంటింట్లోకి వెళ్లి ఖాళీ గిన్నె నాకడం మొదలుపెట్టింది. అత్తయ్య నా వైపు గెలిచినట్టు చూశారు.

ఆ తాళాలు ఇప్పుడు గోనెపట్టా పక్కన మేకుకే వేలాడుతుంటాయి. చీర కావలసినప్పుడల్లా ఆవిడ గవ్వను దాటుకుని వెళ్లి తీసుకుంటారు, మళ్లీ అక్కడే తగిలిస్తారు.