బ్లీడ్ పెట్టిన ఫైలుకే బ్లీడ్ లేదన్నారు: ఇన్‌డిజైన్‌తో నా అనుభవం

విజయనగరం సిరిమానోత్సవం ఫోటోల పుస్తకం నిన్న అచ్చుకెక్కింది. సైజు 1/8 డెమ్మీ, అంటే 140 × 216 మి.మీ. పేజీలు కూర్చింది ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో. భారతీయ లిపులను సరిగా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టాక తెలుగు ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. బాధంతా బ్లీడ్ దగ్గరే. బ్లీడ్ అంటే కాగితం కోసే గీత దాటి బొమ్మను కాస్త బయటికి పొడిగించడం. అది లేకపోతే కోత కొంచెం అటూ ఇటూ అయినా అంచున తెల్లకాగితం కనిపిస్తుంది.

డాక్యుమెంట్ సెటప్‌లో నాలుగు వైపులా ఒకే కొలత ఉంచే గొలుసు గుర్తు విప్పి పైన, కింద, బయటివైపు 3 మి.మీ. ఇచ్చాను. లోపలివైపు సున్నా. ఎదురెదురు పేజీల్లో లోపల కూడా 3 ఇస్తే పక్క పేజీ ఫోటో అంచు ఇటు తొంగిచూస్తుంది. నిండు పేజీ ఫోటోలన్నీ బ్లీడ్ హద్దు చూపే ఎర్రగీత దాకా లాగాను. వాటికి 300 డీపీఐలో కనీసం 1689 × 2622 పిక్సెళ్లు కావాలి. పీడీఎఫ్ తీసేటప్పుడు ‘యూజ్ డాక్యుమెంట్ బ్లీడ్ సెట్టింగ్స్’ టిక్ పెట్టాను. క్రాప్ మార్కులు, అంటే ఎక్కడ కొయ్యాలో చూపే గీతలు, పేజీ అంచుకు ఎంత దూరంలో ఉండాలో చెప్పే ఆఫ్‌సెట్ మామూలుగా 2.117 మి.మీ. ఉంటుంది. దాన్ని 3 చెయ్యకపోతే మార్కులు బ్లీడ్ లోకి చొరబడతాయి.

ఇంత చేసి ప్రెస్సుకు ఇస్తే, అచ్చుకు ముందు చూసుకునే ప్రూఫులో బయటి అంచున తెల్లగీత! “మాస్టారూ, మీ ఫైల్లో బ్లీడే లేదు, నేర్చుకుని రండి” అన్నాడు ప్రెస్సు ఆపరేటరు, శుభలేఖలకు వచ్చినవాళ్లందరి ముందూ. పైగా పేజీని కాస్త పెంచేస్తే సరిపోతుందని సలహా. బయటికి 3 మి.మీ. రావాలంటే నాలుగు శాతం పైనే పెంచాలి. అప్పుడు అంచుకు 10 మి.మీ. దూరంలో ఉన్న పేజీ నంబరు ఏడున్నర దగ్గరికి జరిగిపోతుంది. ఒప్పుకోలేదు.

అక్కడే పీడీఎఫ్‌లు చూసే అక్రోబాట్‌లో నా ఫైలు తెరిపించాను. ప్రిఫరెన్సెస్, పేజ్ డిస్‌ప్లేలో ఆర్ట్, ట్రిమ్, బ్లీడ్ బాక్సులు చూపించమంటే పచ్చగీత ట్రిమ్ (కోసాక మిగిలే పేజీ సైజు), నీలంగీత బ్లీడ్. ఫోటో నీలంగీత దాకా నిండుగా ఉంది. ఫైలు సరైనదే. మరి బ్లీడ్ ఎక్కడ పోయింది? ఫారం కట్టేటప్పుడు, అంటే అచ్చు వేసే పెద్ద షీటు మీద పేజీలు అమర్చేటప్పుడు పోయింది. నా పీడీఎఫ్‌ను వాళ్లు ఇంకో ఇన్‌డిజైన్ ఫైల్లోకి ప్లేస్ చేస్తున్నారు. ‘షో ఇంపోర్ట్ ఆప్షన్స్’ తెరిస్తే, పేజీని ఏ హద్దు దాకా తీసుకోవాలో చెప్పే ‘క్రాప్ టు’ దగ్గర ట్రిమ్ అని ఉంది. ఎవరో వెనకటి పనికి పెట్టినది అలాగే ఉండిపోయింది. బ్లీడ్ అని మార్చి కొత్తగా ప్లేస్ చేస్తే పేజీ 143 × 222 వచ్చింది, తెల్లగీత పోయింది. పాత పెట్టెలోకే ఫిట్ చేస్తే మాత్రం మళ్లీ కుంచించుకుపోతుంది. స్కేలు 100 శాతం ఉందో లేదో చూడాలి.

ఆపరేటరు మారు మాట్లాడలేదు. తెలియనిది అడిగి తెలుసుకోవచ్చు గానీ, పదిమందిలో మనిషిని చిన్నబుచ్చడం ఏ వృత్తికీ మర్యాద కాదు. పేజీలు ఎలా ప్లేస్ చేస్తారో ఫైలు ఇచ్చే ముందే అడగండి. ఓపెన్ ఫైలు, అంటే పీడీఎఫ్ చెయ్యని ఇన్‌డిజైన్ ఫైలు మాత్రం ఇవ్వకండి, ఫాంట్లు మారిపోతే ఎవరూ జవాబు చెప్పరు.

కవరుకు వేరే ఫైలు, అందులో పుస్తకం వెన్ను వెడల్పు కూడా లెక్కకట్టాలి. 160 పేజీలంటే 80 ఆకులు. ఆకు 0.1 మి.మీ. మందం అయితే వెన్ను 8 మి.మీ. వస్తుంది. లెక్కతో సరిపెట్టుకోకుండా ప్రెస్సు వాడబోయే కాగితమే 80 ఆకులు తీసుకుని, గట్టిగా నొక్కి స్కేలుతో కొలవండి.