మిల్లు వెనక వంకరవేలు

మొదటిసారి ఆ అరుపు విన్నప్పుడు బాయిలర్ సేఫ్టీ వాల్వ్ లేచిందనుకున్నాను. తెల్లవారుజాము నాలుగున్నర. నైట్ షిఫ్ట్ ఇంకా గంటన్నర ఉంది. పరుగెత్తి గేజ్ చూస్తే ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. అయినా వాల్వ్ లేస్తే చెవులు చిల్లులు పడేట్టు ఒక్కసారిగా కూస్తుంది. ఇది అట్లా లేదు. ముందు గొణుగుడుతో మొదలైంది. తర్వాత గొంతులో ఏదో ఉడుకుతున్నట్టు బుడబుడలాడింది, ఆ పైన రంకెలైంది, చివరికి నిట్టూర్పులుగా సన్నగిల్లి ఆగిపోయింది. ఒక నిమిషం పైనే సాగింది. నాతో పాటు షిఫ్టులో ఉన్నాయన ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవి మనిషి. మా ఊరి ముసలోళ్ళ మాదిరే దవడలో ఎప్పుడూ వక్క పెట్టుకుని ఉంటాడు. వక్క నములుతూనే "ఒరాంగ్ హుతాన్" అన్నాడు. మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. మనం ఒరాంగుటాన్ అనే పెద్ద వానరం అదే.

అది 2016. మలేసియాలోని సబా రాష్ట్రానికి వచ్చి అప్పటికి మూడు వారాలు. బోర్నియో దీవి ఉత్తరపు కొసలో ఉంటుంది సబా. కౌలాలంపూర్‌లో ఒకసారి పాస్‌పోర్టుకు ముద్ర వేస్తారు, సబాలో దిగాక మళ్ళీ వేస్తారు. ఒకే దేశంలో రెండుసార్లెందుకని తికమకపడ్డాను. సబాకు ఇమిగ్రేషన్ అధికారం వేరేగా ఉందని తర్వాత తెలిసింది. ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు. జీతంలో ఆరు నెలల పాటు తన వాటా కోత పడుతుందని కూడా చెప్పలేదు. పోనీలెండి, గల్ఫ్‌కు వెళ్ళిన మా ఊరి పిల్లల కథలతో పోలిస్తే నాది చిన్న దెబ్బే.

మాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. ఆదోనిలో ఒక నూనె మిల్లులో తొమ్మిదేళ్ళు బాయిలర్ చూశాను. వేరుశనగను మేం బుడ్డలంటాం. బుడ్డల పొట్టే ఆ బాయిలర్‌కు మేత. వానల్లేక బుడ్డలు తగ్గాయి, పామాయిల్ ప్యాకెట్ల ముందు బుడ్డల నూనె ధర నిలబడలేదు, మిల్లు వారంలో మూడు రోజులకు పడిపోయింది. ఏ నూనె వల్ల పని పోయిందో ఆ నూనె పుట్టే చోటికే పనికి వచ్చానన్నమాట. మా చిన్నప్పుడు రేషన్ షాపులో పామోలిన్ ఇచ్చేవాళ్ళు. మా అమ్మ దాంట్లో పూరీలు వేసేది గానీ, "వాసన లేని నూనె ఒక నూనెనా" అని సణుగుతూనే వేసేది.

ఇక్కడ పని ఒక విధంగా పాత పనే. పామాయిల్ చెట్టును వీళ్ళు సావిట్ అంటారు. లారీల్లో గెలలు వస్తాయి. ఒక్కోటి పాతిక కిలోలు తూగేవీ ఉంటాయి. కోసిన ఇరవై నాలుగు గంటల్లోపు ఆవిరిలో ఉడికించాలి, లేకుంటే నూనెలో ఆమ్లం పెరిగి ధర పడిపోతుంది. అందుకే మిల్లుకు పగలూ రాత్రీ తేడా లేదు. ఉడికిన గెలల నుంచి కాయలు రాల్చి, నలిపి, పిండితే గెల బరువులో అయిదో వంతు దాకా నూనె వస్తుంది. మిగిలిన పీచు, చిప్పలు మళ్ళీ బాయిలర్‌లోకే. వాటి మంట చూసుకోవడమే నా ఉద్యోగం. అక్కడ బుడ్డల పొట్టు, ఇక్కడ సావిట్ పీచు.

విమానం నుంచి మొదటిసారి చూసినప్పుడు ఎంత అడవో అనుకున్నా. మా కర్నూల్లో ఏడాదికి పడేది 600 చిల్లర మిల్లీమీటర్ల వాన. ఇక్కడ 2500 దాటుతుంది. కంటికి ఆనినంత మేరా పచ్చదనం. కాస్త కిందికి దిగాక తెలిసింది, అదంతా ఒకే చెట్టు, ఒకే వరసలో, ఒకే ఎత్తులో. అసలు అడవి కినబతాంగన్ నది ఒడ్డున పట్టీలాగా మిగిలింది. సబాలో అన్నిటికన్నా పొడవైన నది అది, 560 కిలోమీటర్లు. దాని దిగువ ఒడ్డున దాదాపు 26,000 హెక్టార్ల అడవిని 2005లో అభయారణ్యంగా ప్రకటించారు. అది కూడా ఒకే ముక్క కాదు, తోటల మధ్య తెగిపోయిన ముక్కలు. మా మిల్లు వెనక వ్యర్థ జలాల చెరువులుంటాయి. వాటి కంపు గురించి రాయను. ఆ చెరువులు దాటితే అట్లాంటి పట్టీ ఒకటి ఉంది.

2018 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పట్టీలోనే దాన్ని చూశాను. గట్టు మీద నిలబడి ఫోన్‌కు సిగ్నల్ వెతుకుతున్నా. మర్రి జాతి చెట్టొకటి, నిండా పండ్లు. కొమ్మల మధ్య ఇటుక రంగు జుట్టు కదిలింది. ఆడది. పొట్టకు అతుక్కుని బొమ్మంత పిల్ల. తల్లి ఎడమ చేతి చూపుడువేలు పక్కకు వంగిపోయి ఉంది, ఎప్పుడో విరిగి అట్లాగే అతుక్కున్నట్టుంది. ఆ వేలితో పని లేకుండా మిగతా వేళ్ళతో పండును మెలిపెట్టి తెంపి, పెదాలతో నొక్కి చూసి, బాగుంటేనే తింటోంది. సంతలో మా అవ్వ వంకాయలు ఏరుకునేది అచ్చం అట్లాగే. నా మటుకు నేను దానికి వంకరవేలు అని పేరు పెట్టుకున్నా.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే, "కొండముచ్చా నాయనా?" అంది.

"కాదమ్మా. దీనికి తోక లేదు."

"తోక లేని కోతి యాడుంటాది రా?"

ఇక్కడుంటుంది, ఇక్కడే ఉంటుంది. గొరిల్లా, చింపాంజీ, బోనోబో మూడూ ఆఫ్రికావి. ఆసియాకు మిగిలిన పెద్ద వానరం ఒరాంగుటాన్ ఒక్కటే, అది కూడా బోర్నియో, సుమత్రా దీవుల్లోనే. అందులో మూడు జాతులున్నాయి. మూడోది, సుమత్రాలోని తపనూలి జాతి, వేరే జాతి అని 2017లోనే తేల్చారు. అవి 800 కూడా లేవు. మూడూ అంతరించే ప్రమాదం అంచున ఉన్నవే.

వంకరవేలును అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఒకసారి చూస్తూనే ఉన్నా. ఆడవి తల్లి తిరిగిన తావుకు దగ్గర్లోనే ఉండిపోతాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మగవి దూరాలు పోతాయి. గుంపు కట్టవు, కానీ ఒంటరితనం కూడా కాదు. పండ్లు బాగా కాసిన చెట్టు దగ్గర నాలుగైదు కలుస్తాయి, తిని ఎవరి దారిన అవి పోతాయి. అంత పెద్ద ఒళ్ళుకు అడవిలో ఒకే చోట కూడు దొరకదు మరి.

ఒకసారి దగ్గరగా చూసిన దృశ్యం ఇంకా కళ్ళ ముందే ఉంది. రెండు చెట్ల మధ్య ఆరేడు అడుగుల ఖాళీ. వంకరవేలు సన్నని చెట్టును తన బరువుతోనే ఊపి, అవతలి కొమ్మ అందుకుంది. అందుకుని పోలేదు. ఒక చేయి అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి అట్లాగే సాగి నిలబడింది. పిల్ల దాని వీపు మీదుగా, జుట్టు పట్టుకుని, వంతెన దాటినట్టు దాటింది. దాటి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు గానీ తల్లి కాలు వదల్లేదు.

ఒరాంగుటాన్‌కు ఒక పిల్ల పుట్టాక మరో పిల్ల పుట్టడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. నేల మీద బతికే క్షీరదాల్లో ఇంత ఎడం ఇంకెవరికీ లేదు. బద్ధకం కాదిది. ఏ కాయ ఎప్పుడు పండుతుంది, ఏది చేదు, ఏ చెట్టు బెరడు నమలొచ్చు, చెదలు ఎక్కడ దొరుకుతాయి... కొన్ని వందల రకాల తిండిని గుర్తుపట్టడం తల్లి చంకన ఉండే నేర్చుకోవాలి. మా తొమ్మిదో తరగతి సైన్స్ పుస్తకంలో కూడా అన్ని పేర్లు లేవు.

మగవాడి సంగతి వేరు. ఆడదానికి రెండింతల బరువు. చెంపలకు రెండు వైపులా చేటల్లాంటి కండ, గొంతు కింద సంచి. నేను వాల్వ్ అనుకున్న అరుపు ఆ సంచి మహిమే, కిలోమీటరు దూరం వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే కొన్ని మగవి ఈడొచ్చినా ఏళ్ళ తరబడి ఆ చేటలు రాకుండా చిన్నగానే ఉండిపోతాయి, ఆ రూపంలోనూ తండ్రులవుతాయి. ఏ రూపమైనా పిల్లల పెంపకంలో మగవాడికి పనేమీ లేదు, వస్తాడు, పోతాడు. ఇదంతా ఫోన్లో మా ఆవిడకు ఉత్సాహంగా చెప్తుంటే మధ్యలో ఆపి, "అచ్చం మీ మాదిరే" అంది. నవ్వుతూనే అంది. రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు నాది. నేను బయల్దేరేటప్పుడు పాపకు రెండేళ్ళు. ఇప్పుడు ఆరో తరగతి.

ఇవన్నీ చూస్తుంటే నాకు రోళ్ళపాడు గుర్తుకొచ్చేది. మా ఊరికి దూరమేమీ కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 6 చదరపు కిలోమీటర్ల గడ్డి నేలను అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తు పక్షి. మా నాయన చూశాడు, నేను చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. అది కూడా ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. గడ్డి నేలల చుట్టూ కాలువ నీళ్ళొచ్చాయి, పైర్లు మారాయి, కరెంటు తీగలొచ్చాయి. ఇప్పుడక్కడ బోర్డు మీద బొమ్మ ఉంది, పిట్ట లేదు. కాలువ రావద్దని ఎవరంటారు? మేమే అడిగి తెచ్చుకున్నాం. ఒక్క గుడ్డు పెట్టేదానికి మన తొందరతో ఏం సంబంధం, అంతే.

ఇక్కడా లెక్క అదే. బోర్నియో మొత్తంలో 1999 నుంచి 2015 లోపల లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చెట్లు కొట్టేయడం ఒక కారణం, చంపడం ఇంకొకటి. పాతికేళ్ళకోసారి ముసలి సావిట్ చెట్లు తీసేసి కొత్త మొక్కలు నాటుతారు. ఆ మొక్కల మొవ్వు వీటికి ఇష్టం. ఒక్క మగది రాత్రికి ఇరవై మొక్కలు పీకితే సూపర్‌వైజర్‌కు టెన్షన్. ఇప్పుడు చంపితే జైలే, అందుకని వన్యప్రాణి శాఖకు ఫోన్ చేస్తారు. చిన్నప్పుడు బుడ్డల చేలో జింకలు పడితే డబ్బా వాయిస్తూ రాత్రంతా మంచె మీద కూర్చున్నవాణ్ణి, సూపర్‌వైజర్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు.

మంచి పని కూడా జరుగుతోంది. ఒరాంగుటాన్లకు ఈత రాదు. నది పాయల వెంట పెద్ద చెట్లు కొట్టేసి, తోటల కాలువలు తవ్వేసరికి అటువి అటు, ఇటువి ఇటు చిక్కుకుపోయాయి. సుకావ్ ఊరి వాళ్ళు ఫైర్ ఇంజన్ల పాత గొట్టాలను పేని ఆ పాయల మీద తాళ్ళ వంతెనలు కట్టారు. ఏళ్ళు పట్టింది గానీ, 2010లో వాటి మీద దాటుతున్న ఒరాంగుటాన్‌ను ఫోటో తీశారు. సండకన్ దగ్గర సెపిలోక్‌లో 1964 నుంచీ అనాథ పిల్లలను సాకి అడవికి పంపుతున్నారు. రెండుసార్లు వెళ్ళాను. అక్కడ మనల్ని దూరంగా నిలబెడతారు, మన జలుబు వాటికి అంటుతుందట.

ఇంటికొస్తే బంధువులు అడుగుతారు, "అయితే పామాయిల్ మానేయాలంటావా?" అని. నా జీతం దాంట్లోనే ఉంది, ఏమని చెప్పేది? హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. దీన్ని మానేసి వేరే నూనె గింజలు వేస్తే ఇంకా ఎక్కువ నేల కావాలి. ఉన్న తోటల్లోనే నది ఒడ్డు వదిలేయమని నా మాట. అడిగేవాళ్ళు లేరు గానీ.

పోయిన నెల ఒక సాయంత్రం గట్టు మీదికి పోయాను. వంకరవేలు గూడు కడుతోంది. ఏ రోజు గూడు ఆ రోజే. లావు కొమ్మలను లోపలికి వంచి కాళ్ళ కింద తొక్కి పట్టి, వాటి మధ్య సన్నవి అల్లి, పైన ఆకుల రెమ్మలు పరిచింది. ఏడెనిమిది నిమిషాల్లో మంచం సిద్ధం. పక్క కొమ్మ మీద పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు, ఏడేళ్ళది, తల్లి గూట్లో పడుకునే రోజులు అయిపోవచ్చాయి. అదీ ఒక గూడు మొదలుపెట్టింది. మూడు కొమ్మలు వంచింది, కూర్చుంది, ఒకటి జారి లేచి మొహానికి కొట్టింది. మళ్ళీ వంచింది. మళ్ళీ లేచింది. చివరికి మిగిలిన రెండు కొమ్మల మీదే, సగం ఒళ్ళు గాల్లో వేలాడేట్టు పడుకుంది. అదంతా వీడియో తీసి పాపకు పంపాను.

జవాబు రాత్రి వచ్చింది. "కింద లావు కొమ్మ ఒకటి పెట్టుకోమను డాడీ."