జోడు లేకుండా పేపర్ చదివేస్తున్నారా?

డెబ్భై దాటాక మా పెదనాన్న ఒకరోజు కళ్ళజోడు పక్కన పడేసి పేపర్ చదవడం మొదలుపెట్టారు. "చత్వారం పోయిందిరా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోవడమే. తీరా చూస్తే అవి శుక్లాలు. కంట్లో లెన్సు మధ్యభాగం ముదిరేకొద్దీ దాని పవర్ మారిపోయి, కొన్నాళ్ళు దగ్గరివి జోడు లేకుండానే కనబడతాయి, దూరంవి మాత్రం మసకబారతాయి. బస్సు బోర్డు చదవలేక పక్కవాళ్ళని అడుగుతున్న సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ పట్టించుకోలేదు.

శుక్లాలంటే తెల్లగా పొర కమ్మేయడమే అనుకుంటాం గానీ అంతకన్నా ముందే రంగులు మాసిపోతాయి, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు కళ్ళల్లోకి చెదిరి పడుతుంది. ఇదంతా ఎంత మెల్లగా జరుగుతుందంటే ఆ మనిషికే తెలియదు. ఆపరేషన్ అయిన మర్నాడు పెదనాన్న హాల్లోకొచ్చి "గోడకి సున్నం ఎప్పుడేయించారు?" అని అడిగారు! ఇంకో మాట, "ముదరనీ, ఎండలు తగ్గనీ" అని ఆగడం పాతకాలం పద్ధతి. పనులకి అడ్డొస్తుంటే చేయించేసుకోవచ్చు, మరీ ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

అయినా శుక్లాలు నయం, లెన్సు మారిస్తే చాలామందికి చూపొస్తుంది. నాకు భయమల్లా నీటికాసులంటేనే, అదే గ్లకోమా. నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు, కంటి నరం దెబ్బతింటూ పక్కచూపు తగ్గిపోతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి కాబట్టి, భుజం గుమ్మానికి తగిలినా, పక్కసందులోంచి వచ్చిన బైకు చూసుకోకపోయినా "పరధ్యానం" అనేస్తాం. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలమందు ఉన్నదాన్ని కాపాడుతుందంతే. కళ్ళజోళ్ళ షాపులో నంబరు చూపించుకుంటే ఇది బయటపడదు. ఈ నరం దెబ్బతినడానికి ముఖ్య కారణం కంటి ఒత్తిడి, అంటే కంటి లోపలి ద్రవం ఒత్తిడి, పెరగడం. అది మామూలుగా 10 నుంచి 21 మి.మీ. మెర్క్యురీ మధ్య ఉంటుంది, అయితే ఒత్తిడి సరిగ్గా ఉన్నా నరం పాడయ్యేవాళ్ళున్నారు, కాబట్టి నరాన్ని కూడా చూడమని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఉంటే నలభై వచ్చేదాకా కూడా ఆగొద్దు.

ఇందులోనే ఇంకో రకం ఉంది, ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగుల వలయాలు. పైత్యం అనుకుని పడుకోబెట్టకండి, ఆ రాత్రే తీసుకెళ్ళండి.

మెడికల్ షాపువాడిచ్చిన చుక్కల సంగతి తల్చుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఎప్పుడో కండ్లకలకకి ఇచ్చిన సీసా, దురద పెట్టినప్పుడల్లా వేసుకుంటూనే ఉంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లాలూ రావచ్చు.

ఇక షుగర్ ఉన్నవాళ్ళు "నాకు బాగానే కనిపిస్తోందిగా" అనే మాట మానేయాలి. కంటి వెనకవైపు పొర, అదే రెటీనా, అందులో సన్న రక్తనాళాలు కారడం మొదలయ్యాక కూడా చార్టులో ఆఖరి వరస దాకా చదివేయొచ్చు. తలుపు అంచు వంకరగా కనబడే సమయానికి జబ్బు చూపుకి కీలకమైన చోటికి చేరి ఉంటుంది. అందుకే కనీసం ఏడాదికోసారి, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని మరీ చూపించుకోవాలి. ఆ చుక్కలకి కొన్ని గంటలు అంతా మసకగా ఉంటుంది, వెలుతురు చూడలేరు. బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్ళండి.