పప్పు రాత్రికి

ఈ రోజు బ్యాంకులో నా సంతకం నాది కాదన్నారు. తప్పు వాళ్లది కాదు, పెసరట్టుది.

నాకు పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు. పొద్దున్న 7 గంటలకి వేసుకోవాల్సిన దాని మాత్ర మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి పై వాటా అమ్మాయి అల్లం పచ్చడితో రెండు పెసరట్లు పట్టుకొచ్చింది. "వేడిగా ఉన్నాయి, తినేయండి మాస్టారూ" అంది. మాత్రా పెసరట్టూ కలిపి కానిచ్చేశాను. మా ఆవిడ గుడికి వెళ్లింది గానీ, ఉంటే ప్లేటు లాగేసేది.

నేను వేసుకునేది లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. పప్పు, గుడ్డు, మాంసం అరిగితే వచ్చే సరుకూ ఈ లెవోడోపా కూడా పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఒకే తలుపులోంచి వెళ్లాలి. పండగ ముందు మన బస్ కాంప్లెక్సులో పలాస బస్సెక్కడం లాంటిదే. ఆ సరుకు ముందెక్కేస్తే మందు కిందే నిలబడుతుంది. అందుకే తిండికి అరగంట ముందు, ఖాళీ కడుపున వేసుకోమని విశాఖ డాక్టరుగారు చెప్పారు.

పదింటికి బ్యాంకులో కూర్చుంటే, ఒళ్లో ఉన్న కుడిచెయ్యి తన పని తాను మొదలుపెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఉండలు చుడుతున్నట్టు. పక్కాయన చూసి చూడనట్టు జరిగాడు. పెన్ను పట్టుకోగానే వణుకు తగ్గింది. ఈ జబ్బు తీరే అంత, ఊరికే ఉన్న చేతినే ఎక్కువ ఆడిస్తుంది. కానీ అక్షరాలు! మొదటిది బఠాణీ అంత, చివరిది ఆవగింజంత. ముప్పై ఏళ్లు బోర్డు మీద గుండ్రంగా రాసినవాణ్ణి. "సంతకం కలవట్లేదు సార్" అన్నాడు కుర్రాడు. వెనక లైనుంది. టెన్షన్ పడితే వణుకు ఇంకా రేగుతుంది. వచ్చేశాను.

11 గంటల మాత్ర ఇంట్లో మంచినీళ్లతో వేసుకున్నాను. పన్నెండుకి క్యాలెండరు వెనక సంతకం పెట్టి చూస్తే, అచ్చం పాత సంతకమే. మా ఆవిడ చూసి "ఇది పట్టుకెళ్లి ఇచ్చేయాల్సింది" అంది.

అరసవల్లిలో సూర్యనారాయణస్వామి పాదాల మీద ఎండ పడేది ఏడాదికి రెండుసార్లే. నాకు రోజుకు నాలుగుసార్లు పొద్దు పొడుస్తుంది: 7, 11, 3, 7. మధ్యాహ్నం వంకాయ కూర, చారు. ముద్దపప్పు రాత్రికి మారింది. మధ్యాహ్నం పప్పు లేకపోతే భోజనమే కాదనుకునే ఇంట్లో ఇది చిన్న సంగతేమీ కాదు. పప్పు మొత్తానికే మానేస్తానంటే డాక్టరుగారు కేకలేశారు, కండ కరిగిపోతుందని. నా స్నేహితుడు తెచ్చిన దూలగొండి పొడికీ అంతే. అందులోనూ లెవోడోపాయే ఉంటుందట, ఎంతుందో మాత్రం లెక్క తెలియదు కాబట్టి వద్దన్నారు. ఆ సీసా ఇంకా అటక మీదే ఉంది.

చోడి (రాగి) అంబలి, బొప్పాయి, చెంబుడు నీళ్లు మాత్రం మానను. మలబద్ధకం ముదిరితే మాత్రా సరిగ్గా పట్టదు, మనిషీ కుదుటపడడు.

రాత్రి ఎనిమిదికి ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. రెండోసారి వేయించుకున్నాను. ఇప్పుడు ఈ పేజీ కింద అక్షరాలు మళ్లీ చిన్నవైపోతున్నాయి. రేపు 7 గంటలకి మా ఆవిడ ఫోనులో అలారం పెట్టింది. బ్యాంకుకి పదకొండు గంటల మాత్ర పడ్డాక, పన్నెండుకి వెళ్తాను.