తలకోనలో మూడోసారి కూడా ఫొటో అదిరింది

అదిరిందంటే బాగా వచ్చిందని కాదు, నిజంగానే అదిరింది. తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరేలా శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టి ఏడాదవుతోంది. 353 చదరపు కిలోమీటర్ల అడవిలో నన్ను ఏడిపిస్తున్నది ఈ ఒక్క జలపాతమే.

శిలాతోరణం, మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా ఉండే ఎర్రచందనం బెరడు, ఘాట్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ పొర మొదలయ్యే గీత, అన్నీ బాగానే కుదిరాయి.

ఇక తలకోన. 270 అడుగుల ధార, కింద మడుగు అంచున ట్రైపాడ్. ఆరు స్టాప్‌ల ఎన్‌డీ (వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టర్), ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, షట్టర్ తెరిచి ఉంచింది 4 సెకన్లు. 27 ఫ్రేములు తీస్తే 19 పోయాయి. పావు సెకనువి సూదిలా ఉన్నాయి. 2 సెకన్లు దాటితే చాలు, రాళ్ల అంచులు నిలువుగా నాలుగైదు పిక్సెళ్లు రెండుగా కనిపిస్తున్నాయి. అడ్డంగా మాత్రం కదల్లేదు.

వణుకు సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపాను. బటన్ నొక్కాక ఆగి తీసే టైమర్ 2 నుంచి 10 సెకన్లకు పెంచాను. ట్రైపాడ్ నడిమి కాలమ్ పూర్తిగా దించాను. బరువు కోసం దానికి బ్యాగు వేలాడదీస్తే అది ఊగి ఇంకా చెడింది. ఫిల్టర్ తప్పేమోనని ఇంటి మిద్దె మీద అదే 4 సెకన్లకు తీశాను, శుభ్రంగా వచ్చింది. ఫిల్టర్ కంపెనీ హోయా మీద అనవసరంగా అనుమానపడ్డాను.

టేపు పెట్టి చూస్తే నీళ్లలో ఉన్న ట్రైపాడ్ కాలు 40 నిమిషాల్లో 1.2 సెంటీమీటర్లు దిగింది. దొంగ దొరికాడనుకున్నా. కానీ అంత నెమ్మదిగా జారితే 4 సెకన్లలో ఒక్క పిక్సెల్ కూడా కదలదు. ఉండుండి ఒక్కసారిగా జారుతోందా? లేక ధార కొట్టే గాలికి మెడ పట్టీ ఊగి కెమెరాను గుంజుతోందా? నా ఓటు పట్టీకే. రెండు వందల రూపాయలకు దొరికే ఆ వెడల్పాటి పట్టీలు గాలికి తెరచాపలే.

"బావా, నా ఫోన్‌లో బాగానే వచ్చిందే," అని మా బామ్మర్ది చూపించాడు. వాడికి టిఫిన్ కూడా నేనే పెట్టించాను.

ఈసారి పట్టీ విప్పేసి, మూడు కాళ్లూ పొడి బండ మీదే పెడతా. ఈలోగా తిరుమల కొండల్లో బంగారు బల్లి కోసం రాళ్ల సందులు వెతకాలి. చిన్నవాటిని దగ్గరగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్ అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోవాలి.