ఒకే తుఫానుకు మూడు గాలి వేగాలు: అంతర్జాతీయ బృందంలో నా అనుభవం

వేగంగా బలపడే తుఫాన్ల మీద పనిచేసే ఒక అంతర్జాతీయ బృందంలో నాకు అవకాశం వచ్చింది. మాకు అప్పగించిన పని వినడానికి సులువుగానే ఉంది. వేర్వేరు సముద్రాల్లో 24 గంటల్లో 30 నాట్లు, లేదా అంతకు మించి బలపడిన తుఫాన్లన్నిటినీ ఒక పట్టికలోకి తేవాలి. ఆ పట్టికను దగ్గర పెట్టుకుని ముందస్తు అంచనాలు ఎక్కడ ఎంత బాగా పనిచేశాయో చూడాలి. ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. అంటే ఒక్క రోజులో గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లకు పైగా పెరిగిన సందర్భాలన్నమాట. నేను చేరింది రెండో పని కోసం. కానీ మా సమయంలో చాలా భాగం మొదటి పనే తినేసింది. అలా తినేయడమే మంచిదైందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఈ విషయం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 2023 అక్టోబరులో మెక్సికోలోని అకపుల్కో దగ్గర తీరం దాటిన ఓటిస్ తుఫానును తలుచుకుంటే చాలు. ఒక్క రోజులో అది మామూలు తుఫాను స్థాయి నుంచి 5వ కేటగిరీ హరికేన్, అంటే అత్యంత బలమైన స్థాయి తుఫాను అయింది. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు దాన్ని పట్టుకోలేకపోయాయి. పరిశీలక విమానం లోపలికి వెళ్లి చూసినప్పుడు కానీ అది అప్పటికే ఎంత బలపడిందో తెలియలేదు. ఆ సమయానికి జనానికి మిగిలింది కొన్ని గంటలే. తుఫాను ఎటు వెళ్తుందన్న అంచనా గత కొన్ని దశాబ్దాల్లో బాగా మెరుగుపడింది. ఎంత బలంగా వస్తుందన్న దగ్గరే ఇంకా దెబ్బతింటున్నాం.

పని మొదలుపెట్టింది ఐబీట్రాక్స్‌తో. ప్రపంచంలోని తుఫాను కేంద్రాలు సీజన్ అయ్యాక తీరిగ్గా సరిచూసి ఇచ్చే రికార్డులన్నీ ఒకేచోట ఉండే భాండాగారం అది. ఈ సరిచూసిన రికార్డునే బెస్ట్ ట్రాక్ అంటారు. ఫైలు తెరిస్తే ఒక్కో తుఫానుకు ఒక్కో సమయం దగ్గర ఒక వరుస, ఆ వరుసలో ఒక్కో కేంద్రానికి ఒక్కో గాలి వేగం కాలమ్. టోక్యోది ఒకటి, న్యూఢిల్లీది ఒకటి, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌ది ఒకటి, ఆస్ట్రేలియాది ఒకటి, అమెరికాది ఇంకొకటి. ఒకే తుఫాను, ఒకే గంట, మూడు రకాల అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కేంద్రాలు సాధారణంగా ఆరు గంటలకొక విలువ ఇస్తాయి, ఫైలులో మూడు గంటలకొకటి ఉంటుంది. మధ్యలో వచ్చేవి లెక్కగట్టి నింపినవి. వాటిని కొలతలనుకుని బలపడే వేగం లెక్కిస్తే మొదటి అడుగులోనే దారి తప్పుతాం. మా బృందంలో డేటా చూసుకునే ఆవిడ ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పి, నింపిన వరుసలన్నీ పక్కన పెట్టించారు.

ఆ అంకెల తేడాలో కొంత భాగానికి కారణం కొలిచే పద్ధతి. అమెరికా కేంద్రాలు ఒక నిమిషం సగటు గాలిని చెబుతాయి. న్యూఢిల్లీ మూడు నిమిషాల సగటు వాడుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం మాత్రం పది నిమిషాలు. ఎక్కువసేపు సగటు తీస్తే అంకె తగ్గుతుంది. ఒక నిమిషం విలువను పది నిమిషాలకు మార్చడానికి చాలాకాలం 0.88తో గుణించేవారు. 2010లో ప్రపంచ వాతావరణ సంస్థ ప్రచురించిన మార్గదర్శకాలు సముద్రం మీద 0.93 వాడమన్నాయి. అంటే 100 నాట్ల గాలి ఒక లెక్కలో 88, ఇంకో లెక్కలో 93 అవుతుంది. పాత రికార్డుల్లో ఏ గుణకం వాడారో ప్రతిచోటా రాసి ఉండదు.

ఇక్కడే మొదటి పెద్ద చర్చ జరిగింది. 30 నాట్ల గీత ఎక్కడిది? అట్లాంటిక్ తుఫాన్ల రికార్డు మీద పరిశోధకులు కాప్లాన్, డిమారియా 2003లో చేసిన అధ్యయనం నుంచి అది బాగా వాడుకలోకి వచ్చింది. 24 గంటల బలం మార్పుల్లో అత్యధికమైన 5 శాతం దాదాపు ఆ గీత దగ్గర మొదలవుతాయి. అది ఒక నిమిషం గాలి. అదే మార్పును పది నిమిషాల గాలిలో చూస్తే సుమారు 28 నాట్లు. బెస్ట్ ట్రాక్‌లో విలువలు సాధారణంగా 5 నాట్ల మెట్లలో రాస్తారు. మరి ఆ 28 అన్నది 30 అవుతుందా, 25 అవుతుందా? 30 అయితే మా పట్టికలో ఉంటుంది, 25 అయితే ఉండదు. ఒక సముద్రంలో వేగంగా బలపడే తుఫాన్లు పెరుగుతున్నాయనో తగ్గుతున్నాయనో చెప్పే మాటలో కొంత భాగం ఇలాంటి సర్దుబాట్ల వల్ల కూడా పుట్టవచ్చు. ఇది విన్నాక పాత పేపర్లను నేను చదివే పద్ధతే మారిపోయింది.

అసలు కళ్లు తెరిపించింది మాత్రం ఉపగ్రహ చిత్రాల మీద జరిగిన సెషన్. అట్లాంటిక్‌లో పరిశీలక విమానాలు మామూలుగా తుఫానులోకి వెళ్లి వస్తాయి. పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా నడిపిన ఆ విమానాలు 1987లో ఆగిపోయాయి. అప్పుడప్పుడూ జరిగే పరిశోధన విమానాలను పక్కన పెడితే, మిగతా ప్రపంచం బలాన్ని అంచనా వేసేది ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల నుంచే. దానికి ఆధారం వెర్నన్ డ్వోరాక్ 1970ల్లో రూపొందించిన పద్ధతి. చిత్రంలో మేఘాల తీరు చూసి టీ నంబరు ఇస్తారు, ఆ నంబరు నుంచి గాలి వేగం తీస్తారు.

మా సెషన్‌లో ఒకే ఇన్‌ఫ్రారెడ్ చిత్రాన్ని అందరికీ పంపి, ఒకరి అంచనా ఒకరికి తెలియకుండా నంబరు రాయమన్నారు. తుఫాను కన్ను కనిపిస్తోంది, కానీ అంచులు చెదిరి ఉన్నాయి. దాని చుట్టూ సున్నా కంటే 70 డిగ్రీలు దిగువన ఉన్న చల్లని మేఘాల వలయం. ఆ పద్ధతిలో ఆ వలయాన్ని తెల్ల రంగులో చూపిస్తారు. ఆగ్నేయం వైపు మాత్రం వలయం తెగింది. అక్కడ మేఘం కొంచెం వెచ్చగా ఉండి నల్ల రంగులోకి జారిపోయింది. తెల్ల వలయం పూర్తయిందని తీసుకుంటే ఒక నంబరు, తెగిందని తీసుకుంటే అర మెట్టు తక్కువ. ఒకరు 6.0 రాశారు. ఎక్కువ మంది 5.5 దగ్గర ఆగారు. చాలా ఏళ్లుగా రాత్రి డ్యూటీలు చేసిన ఒక ఫోర్‌కాస్టర్ 5.0 రాశారు. ఆయన వాదన ఇదీ: ముందు రోజు చిత్రంలో ఈ తుఫాను ఇంకా సరిగా కట్టుకోలేదు, ఇన్ని గంటల్లో నంబరు ఇంత మించి పెరగకూడదని ఆ పద్ధతిలోనే పరిమితి ఉంది, దాన్ని తీసెయ్యడానికి ఈ ఒక్క చిత్రం సాక్ష్యం చాలదు.

డ్వోరాక్ పట్టికలో 5.0 అంటే 90 నాట్లు, 5.5 అంటే 102, 6.0 అంటే 115. అందరూ నిపుణులే, అందరూ నియమం ప్రకారమే వెళ్లారు. అయినా మధ్యలో 25 నాట్ల తేడా వచ్చింది. మేం వెతుకుతున్న గీతే 30 నాట్లు! పైగా ఆ నంబరును గాలిగా మార్చే పట్టిక కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. టోక్యో కేంద్రం 1990లో కోబా, ఆయన సహచరులు పశ్చిమ పసిఫిక్ కోసం తయారుచేసిన పట్టిక వాడుతుంది.

ఆ ఫోర్‌కాస్టర్ చెప్పిన ఇంకో సంగతి నేను మర్చిపోలేను. తాను 5.0 రాసేటప్పుడు 5.5 కూడా అయి ఉండొచ్చని తెలుసట, ఆ మాట డ్యూటీ నోట్సులో రాస్తారట కూడా. బులెటిన్‌లోకి మాత్రం ఒకే అంకె వెళ్తుంది, నోట్సు అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత మాలాంటివాళ్లు ఆ ఒక్క అంకెను తీసుకుని దశాంశాల దాకా లెక్కలు వేస్తాం. ఆ అంకె రాసిన మనిషి బృందంలో లేకపోతే ఆ సందేహం పరిశోధకుడి దాకా ఎప్పటికీ రాదు. ప్రపంచ వాతావరణ సంస్థ 1985 నుంచి సుమారు నాలుగేళ్లకోసారి నడిపే అంతర్జాతీయ ఉష్ణమండల తుఫాన్ల వర్క్‌షాపుల్లో పరిశోధకులనూ ఫోర్‌కాస్టర్లనూ కలిపి కూర్చోబెట్టడం వెనక ఎంత ఆలోచన ఉందో నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాత ఫ్రెడ్డీ దగ్గర ఆగాం. 2023 ఫిబ్రవరి 6న ఆస్ట్రేలియాకు వాయవ్యాన పేరు పెట్టుకున్న ఆ తుఫాను హిందూ మహాసముద్రం మొత్తం దాటి మడగాస్కర్, మొజాంబిక్ తీరాలను తాకింది. మళ్లీ సముద్రంలోకి వెళ్లి, తిరిగొచ్చి మొజాంబిక్‌ను రెండోసారి కొట్టింది. మలావీలో వరదలు, బురద ప్రవాహాలు వందల ప్రాణాలు తీశాయి. అది 36 రోజులు బతికిందని, రికార్డులో అంత కాలం నిలిచిన ఉష్ణమండల తుఫాను ఇంకొకటి లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. ఆ సముద్రంలో 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటగానే బాధ్యత ఆస్ట్రేలియా నుంచి రీయూనియన్ కేంద్రానికి మారుతుంది. రెండూ పది నిమిషాల గాలే వాడతాయి కాబట్టి ఆ గీత దగ్గర కొలమానం మారదు, చూసే కళ్లు మాత్రం మారతాయి. బలపడటం ఆ గీతకు అటూ ఇటూ జరిగితే 24 గంటల మార్పును ఏ కాలమ్ నుంచి తీయాలి? ఫ్రెడ్డీ ఏడుసార్లు వేగంగా బలపడిందని అప్పట్లో విస్తృతంగా రాశారు. అది అమెరికా వాళ్ల ఒక నిమిషం అంచనాల నుంచి వచ్చిన లెక్క. వేరే కాలమ్ పట్టుకుంటే ఏడే రావాలని ఏమీ లేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ కేంద్రం అంకెనూ "సరిచేయడం" లేదు. ప్రతి సంఘటనకూ అసలు విలువ, సగటు వ్యవధి, విమానమా ఉపగ్రహమా రాడారా అన్న ఆధారం, అనిశ్చితి వేర్వేరుగా రాశాం. మారిస్తే మార్చిన గుణకం పక్కనే ఉండాలి. ఉపగ్రహం ఒక్కటే ఆధారమైనచోట అనిశ్చితి సుమారు 10 నాట్లుగా తీసుకున్నాం. అట్లాంటిక్ నిపుణులు తమ బెస్ట్ ట్రాక్ గురించి ఇచ్చిన అంచనాలు దాదాపు అక్కడే ఉన్నాయి. చూడ్డానికి ఇది గుమస్తా పనిలా ఉంటుంది. నా మటుకు నాకు బృందం చేసిన పనుల్లో విలువైనది ఇదే.

అంచనాల పోలిక దానితో పోలిస్తే తొందరగానే అయిపోయింది. 2006 నుంచి ప్రపంచ కేంద్రాల ఎన్సెంబుల్ అంచనాలను (కాస్త తేడాలతో ఒకేసారి వేసే అనేక అంచనాల గుంపులను) దాచి ఉంచుతున్న టిగ్గే భాండాగారం పరిశోధకులకు ఉచితంగా దొరుకుతుంది. ఒకప్పుడు ఇలాంటి డేటా కోసం ఒక్కో సంస్థకూ ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చేది. ఏఐ మోడళ్ల గురించి కూడా మాట్లాడుకున్నాం. తుఫాను దారి విషయంలో వాటి పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. గరిష్ఠ గాలి దగ్గరే అవి తగ్గించి చెబుతాయి. వాటిలో చాలావరకు నేర్చుకున్నది గత వాతావరణాన్ని సుమారు 31 కిలోమీటర్ల గళ్లలో తిరిగి కట్టిన ఈఆర్ఏ5 డేటా నుంచి, తుఫాను కన్ను చుట్టూ ఉండే బలమైన గాలి అంత పెద్ద గడిలో పట్టదు. రెండు పద్ధతుల సగటు తప్పులో తేడా రెండు మూడు నాట్లే ఉన్నప్పుడు, పోల్చే ప్రమాణానికే 10 నాట్ల సందేహం ఉంటే, ఇది మేలు అది తక్కువ అని ర్యాంకులు ఇవ్వకూడదని నేను పట్టుబట్టాను. కొందరు ఒప్పుకోలేదు. సందర్భాలు చాలా ఉంటే యాదృచ్ఛికమైన తప్పులు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయన్నది వాళ్ల వాదన, అందులో బలం ఉంది. కానీ ఒక కేంద్రం పద్ధతే ఎప్పుడూ ఒకే వైపు మొగ్గితే ఆ తప్పు కొట్టుకుపోదు. రెండు అభిప్రాయాలూ నివేదికలో పక్కపక్కనే అచ్చయ్యాయి.

సమీక్ష దశలో మామూలుగా ఉండే టెన్షన్ ఉంది. సమావేశం ఎప్పుడు పెట్టినా ఎవరో ఒకరికి అర్ధరాత్రి అయ్యేది. దాని గురించి పెద్దగా రాయడానికేం లేదు.

ఇలాంటి బృందంలో చేరాలనుకునే పరిశోధక విద్యార్థులకు ఒక్క మాట చెబుతాను. మోడల్ కోడ్ నేర్చుకునే ముందు కొన్ని తుఫాన్లకైనా డ్వోరాక్ పద్ధతిలో మీరే చేత్తో నంబర్లు వేయండి, తర్వాత మూడు కేంద్రాల బెస్ట్ ట్రాక్‌లతో పోల్చి చూడండి. వీలైతే రోజువారీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రంలో పనిచేసే ఫోర్‌కాస్టర్‌తో ఆ తేడాల గురించి మాట్లాడండి.

మా తర్వాతి పని మైక్రోవేవ్, రాడార్ ఉపగ్రహ చిత్రాలున్న సందర్భాలను మళ్లీ చూడటం. మైక్రోవేవ్ పై మేఘాల కిందున్న కన్నుగోడను, అంటే కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడను చూపిస్తుంది. సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలైతే సముద్రం మీది గాలినే అంచనా కట్టడానికి వీలిస్తాయి. అమెరికా రక్షణ శాఖ పాత ఉపగ్రహాల మైక్రోవేవ్ డేటాను 2025లో ఆపేస్తామని ప్రకటించి, తర్వాత ఆ నిర్ణయం మార్చుకున్నప్పుడు తుఫాను కేంద్రాలకు ఈ చిత్రాలు ఎంత అవసరమో బయటపడింది. అందుకే వేర్వేరు దేశాల మైక్రోవేవ్ ఉపగ్రహాల డేటా పరిశీలన జరిగిన కొద్దిసేపటికే అన్ని కేంద్రాలకూ చేరాలన్న సిఫారసును నివేదికలో అన్నిటికంటే ముందు పెట్టాం. దాని మీద మాత్రం బృందంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.